ఊరి బడా, గురుకులమా?

తెలంగాణలో పిల్లాడు నాలుగో తరగతిలో ఉండగానే కూలి ఇళ్లలో ఈ టెన్షన్ మొదలవుతుంది. గురుకులం ఐదో తరగతి సీటుకు ఎంట్రన్స్ అప్పుడే మరి.

ఊరి బడి నడిచి వెళ్లేంత దూరం. మధ్యాహ్న భోజనం పెడతారు, సాయంత్రానికి పిల్లాడు కళ్లముందుంటాడు. చిక్కల్లా టీచర్ల దగ్గరే. ఒక్కరే ఐదు తరగతులకూ చెప్పే బడిలో బోర్డుకు ఒక పక్క రెండో తరగతి కూడికలు, ఇంకో పక్క ఐదో తరగతి తెలుగు పాఠం. పత్తి ఏరే రోజుల్లో చెల్లిని చూసుకోవడానికి అక్క బడి మానేస్తుంది. హాజరు పట్టీలో మాత్రం పేరు ఉంటుంది!

గురుకులాలు 1971లో పి.వి. నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలయ్యాయి. తిండి, బట్టలు, పుస్తకాలు, వసతి అన్నీ ఉచితం. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబానికి ఇంతకన్నా ఊరట లేదు. పిల్లలు తల్లిదండ్రుల వెంట ఊళ్లు పట్టుకు తిరగక్కర్లేదు. కానీ సీట్లు కొన్నే. పైగా పదేళ్లకే ఇల్లు వదలడం అందరు పిల్లల వల్లా కాదు.

వలస ఇల్లయితే గురుకులమే నయం. ఇంట్లో పెద్దలు ఏడాదంతా ఉండి, బడిలో ఇద్దరు టీచర్లయినా ఉంటే నేను తొందరపడను. పై తరగతుల్లో మిగిలిన సీట్లకూ పరీక్ష పెడుతున్నారు.