ఈస్టిండియా కంపెనీ కాలపు గుర్తులకు బోర్డు పెట్టిస్తున్నారా? గ్రానైటే తీసుకోండి

హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధి (రెసిడెంట్) ఉన్న కోఠీ రెసిడెన్సీ, అస్మాన్‌గఢ్ గుట్ట మీద నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని పాత చర్చిలు... ఇలాంటి చోట్ల రోడ్డు పక్కన చరిత్ర బోర్డు పెట్టించాలనుకునే కాలనీ సంఘాలకు, కాలేజీలకు బజార్లో ప్రధానంగా దొరికేవి మూడు: ఏసీపీ (అల్యూమినియం, ప్లాస్టిక్ పొరల) షీటు మీద వినైల్ ప్రింటు, ఎచింగ్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు, చెక్కిన నల్ల గ్రానైటు. మన ఎండకు, దుమ్ముకు, పోస్టర్లకు తట్టుకోవడంలో గ్రానైటు దరిదాపుల్లోకి మిగతావి రావు.

ఏసీపీ చవక, చేతికి త్వరగా వస్తుంది, అందుకే అందరూ అటే మొగ్గుతారు. కానీ ఎండకు ముందు వెలిసేది పసుపు, మెజెంటా. రెండు మూడు వేసవులు గడిచేసరికి ఫొటోలన్నీ నీలంగా మారతాయి. కోసిన అంచుల దగ్గర వినైల్ లేచి, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. ఎవరైనా సినిమా పోస్టర్ అంటిస్తే, దాన్ని గీకేటప్పుడు అక్షరాలూ ఊడొస్తాయి. ఎగ్జిబిషన్‌కైతే సరే, పదికాలాలు ఉండాల్సిన గుర్తుకు వద్దు. స్టీలు ఫర్వాలేదు, మ్యాట్ ఫినిష్ అయితేనే. ఇత్తడి ఎంత అందంగా ఉన్నా తుక్కు ధరకు దొంగలపాలవుతుంది.

గ్రానైటు 20 మి.మీ. మందం చాలు. 3×2 అడుగుల పలకే 30 కిలోలు దాటుతుంది. అద్దంలా పాలిష్ చేసినదైతే చదివేవాళ్లకు వాళ్ల ముఖమే కనిపిస్తుంది. మెరుపు లేని హోన్డ్ ఫినిష్ అడగండి. శాండ్‌బ్లాస్టింగ్ (స్టెన్సిల్ అంటించి, ఇసుక చిమ్మి చెక్కడం) లోతు 2 మి.మీ.కు తగ్గకూడదు, లోపల తెల్ల ఎనామిల్ నింపాలి. తెలుగు అక్షరం 25 మి.మీ. కన్నా చిన్నదైతే స్టెన్సిల్‌లో సున్నాల మధ్య, వత్తుల మధ్య ఉండే చిన్న ముక్కలు ఊడిపోయి అక్షరం ముద్దవుతుంది. ఆ సైజులో పలకకు సుమారు 40 మాటలు పడతాయి.

అందుకే అసలు శ్రమంతా ఆ 40 మాటల మీద పెట్టాలి. ‘బ్రిటిష్ వారి చారిత్రక కట్టడం’ అని రాయిస్తే రాయి దండగ. రెసిడెన్సీకైతే ఇవి ఉండాలి: 1803లో పని మొదలైంది, నమూనా మద్రాసు ఇంజనీర్స్‌కు చెందిన శామ్యూల్ రస్సెల్‌ది, డబ్బు నిజాంది, కట్టించిన రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. ఆయన 1805లోనే కలకత్తాలో చనిపోయాడు. ఇక 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రెసిడెన్సీ మీద నడిపిన దాడి లేకుండా ఆ బోర్డు పెట్టనే కూడదు. చోటు చాలకపోతే స్తంభాల వర్ణన తీసేయండి, ఆ వాక్యం మాత్రం ఉంచండి.

రేమండ్ దగ్గర ఇంకో చిక్కుంది. ఆయన పోయింది 1798 మార్చి 25న. అదే ఏడాది అక్టోబర్లో ఆయన ఫ్రెంచి దళాలను కంపెనీ నిరాయుధం చేసింది. పక్కనున్న మండపం మాత్రం 2001 వానలకు కూలితే పురావస్తు శాఖ 2003లో తిరిగి కట్టినది. ఆ ముక్క రాయకపోతే చూసేవాళ్లు మండపాన్ని కూడా 1798 నాటిదే అనుకుంటారు. సికింద్రాబాద్‌కు 1806, అప్పటి నిజాం సికందర్ జా పేరు, కంపెనీ దండు విడిది: ఈ మూడూ చాలు.

పాఠం యూనికోడ్‌లో ఇస్తే డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్‌లోకి మారుస్తారు, అక్కడే వత్తులు జారిపోతాయి, పొల్లులు మాయమవుతాయి. అసలు సైజులో కాగితం ప్రింటు తీయించి, పలికిస్తూ చదివాకే స్టెన్సిల్ కోయించండి. రాతి మీద దిద్దుబాటు ఉండదు.

బిగించేటప్పుడు పాత గోడకు, సున్నపు గచ్చుకు డ్రిల్లు తగలనివ్వకండి. అనుమతి తీసుకుని విడిగా పీఠం కట్టించండి. పలక అడుగు అంచు నేలకు 75 సెం.మీ. పైన ఉంటే వాన బురద చిమ్మదు. ఇనుప పిన్నులు తుప్పుపట్టి ఉబ్బితే మూలలు పగులుతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ పిన్నులు, ఎపాక్సీ వాడాలి. కొటేషన్‌లో ఈ రెండూ విడిగా రాయించుకోండి, లేదంటే మేస్త్రీ దగ్గరున్న మేకులే పడతాయి.