టీఎల్‌పీనా, పవర్ ప్రొఫైల్సా? అంతకంటే ముందు బయోస్ సంగతి

లినక్స్‌కి మారినవాళ్లకి మొదటి వారంలోనే వచ్చే డౌట్ ఇది: బ్యాటరీ గబగబా అయిపోతోంది, టీఎల్‌పీ అనే బ్యాటరీ ఆదా ప్రోగ్రామ్ వేసుకోవాలా, సిస్టమ్‌తో వచ్చినదాంతో సరిపెట్టుకోవాలా? నేను రెండూ విడివిడిగా వాడాను, తెలియక కొన్నాళ్లు రెండూ కలిపి కూడా వాడాను. రెండోది మాత్రం మీరు చెయ్యకండి.

సిస్టమ్‌తో వచ్చేదాని పేరు పవర్ ప్రొఫైల్స్ డీమన్. ఉబుంటూ 22.04లో పైన మూలన నొక్కితే కనిపించే పవర్ సేవర్, బ్యాలెన్స్‌డ్, పర్ఫార్మెన్స్ మోడ్‌లు దానివే. ఫెడోరా 41 నుంచి అదే బటన్ వెనక ట్యూన్డ్ అనే వేరే ప్రోగ్రామ్ పనిచేస్తోంది గానీ వాడేవాళ్లకి ఆ తేడా తెలీదు. ఇది చేసే పని నిజానికి చాలా తక్కువ. ప్రాసెసర్‌కీ, ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌కీ (హార్డ్‌వేర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) "కాస్త తగ్గు" అనో "కానివ్వు" అనో ఒక మాట చెప్పి ఊరుకుంటుంది, ఫ్యాన్ ఎంత తిరగాలి, ఎన్ని వాట్లు లాగొచ్చు అనేది చాలావరకు ఫర్మ్‌వేరే చూసుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్ అయితే ఇది చాలు, ఇంకేం పెట్టక్కర్లేదు.

టీఎల్‌పీ రకం వేరు. వైఫై, యూఎస్‌బీ, సౌండ్ కార్డు, డిస్కు, అన్నిట్లోనూ వేలుపెడుతుంది, ఛార్జర్ పీకగానే మీరు ఏ బటనూ నొక్కకుండానే బ్యాటరీ సెట్టింగులకి మారిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఈ తేడా తెలుస్తుంది. కానీ నేను టీఎల్‌పీ వేసుకుంది దీనికోసం కాదు, ఛార్జింగ్ హద్దు కోసం. ఇంటి నుంచి పని చేసేవాళ్ల ల్యాప్‌టాప్ రోజంతా ప్లగ్‌లోనే ఉంటుంది కదా, ఎప్పుడూ 100 శాతం మీద, పైగా వేడి మీద ఉంటే లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది. టీఎల్‌పీ కాన్ఫిగ్ ఫైల్లో 75 దగ్గర మొదలెట్టు, 80 దగ్గర ఆపు అని రెండు లైన్లు రాస్తే చాలు, థింక్‌ప్యాడ్‌లలో ఇది చక్కగా పనిచేస్తుంది. అన్ని మోడళ్లలోనూ ఈ సౌకర్యం లేదు, మీ దాంట్లో ఉందో లేదో టీఎల్‌పీ బ్యాటరీ రిపోర్టే చెప్తుంది. అయితే 2025లో వచ్చిన గ్నోమ్ 48 డెస్క్‌టాప్‌లో ఈ హద్దు సెట్టింగ్స్‌లోకే వచ్చేసింది, కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌లోనూ ఉంది, కాబట్టి టీఎల్‌పీ వేసుకోవడానికి ఉన్న పెద్ద కారణం చాలామందికి ఇప్పుడు లేదు.

రెండూ ఎందుకు కలపకూడదంటే, ఇద్దరూ అదే ప్రాసెసర్ సెట్టింగ్‌ని మార్చాలని చూస్తారు. నేను పర్ఫార్మెన్స్ నొక్కుతాను, ఛార్జర్ పీకగానే టీఎల్‌పీ దాన్ని తిరగరాస్తుంది, పైన బటన్ మాత్రం పర్ఫార్మెన్స్ అనే చూపిస్తుంది. వీడియో కాల్ ఎందుకు ఆగి ఆగి వస్తోందో అర్థంకాక రెండు రోజులు వైఫై రూటర్‌ని తిట్టుకున్నాను. ఏది ఎంత కరెంట్ తాగుతోందో చూపించే పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్‌లో ఆటో ట్యూన్ అని ఇంకో ఉపాయం చెప్తారు, అది కొడితే కాసేపు కదపకపోతే మౌస్ నిద్రపోతుంది, రీబూట్ చేస్తే పెట్టిన సెట్టింగులూ పోతాయి. లెక్కలు చూసుకోవడానికి మాత్రం పవర్‌టాప్ బంగారం.

ఇక అసలు సంగతి. నా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ రాత్రి 92 శాతంతో మూత వేస్తే పొద్దున్నకి 61 ఉండేది. టీఎల్‌పీ పెట్టినా అంతే, తీసేసినా అంతే. ఉండదా మరి, ఈ రెండూ మెలకువగా ఉన్నప్పుడు పనిచేసేవి, నిద్ర విషయం ఫర్మ్‌వేర్‌దీ, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌దీ. పాతకాలం ఎస్3 నిద్రలో ర్యామ్‌కి తప్ప దాదాపు దేనికీ కరెంట్ అందదు, కొత్తవాటిలో చాలావరకు అది తీసేసి సగం మెలకువలాంటి నిద్ర పెట్టారు, అందులో ఏ ఒక్క భాగం సరిగ్గా పడుకోకపోయినా బ్యాటరీ కారిపోతుంది. నాది బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్) అప్‌డేట్ చేశాకే దారికొచ్చింది.

ఆ అప్‌డేట్‌కీ రెండు దారులున్నాయి. ఒకటి లినక్స్ నుంచే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే ప్రోగ్రామ్, రెడ్ హ్యాట్‌లో పనిచేసే రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టింది. డెల్, లెనోవో, హెచ్‌పీ లాంటి కంపెనీలు తమ ఫైళ్లని ఎల్‌వీఎఫ్ఎస్ అనే సర్వీస్‌లో పెడతాయి, సాఫ్ట్‌వేర్ సెంటర్లో మామూలు అప్‌డేట్ లాగే కనిపిస్తుంది, నొక్కి రీబూట్ చేస్తే అయిపోతుంది. రెండోది కంపెనీ సైట్ నుంచి ఫైల్ తెచ్చుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ మెనూ నుంచి ఎక్కించడం. మీ మోడల్ ఎల్‌వీఎఫ్ఎస్‌లో ఉంటే మొదటిదే, ఆలోచించక్కర్లేదు. లేకపోతే పెన్‌డ్రైవ్. కొన్ని కంపెనీలు విండోస్ ఫైల్ మాత్రమే ఇస్తాయి, అక్కడ తిప్పలే, అందుకే సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు ఆ మోడల్ పేరు ఎల్‌వీఎఫ్ఎస్‌లో ఒకసారి వెతకండి.

ఏ దారైనా ఛార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉంచుకుని చెయ్యండి, మధ్యలో కరెంట్ పోయినా గండం తప్పుతుంది. పక్కన విండోస్ కూడా ఉండి దానికి డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, బయోస్ మారాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ముందే రాసి పెట్టుకోండి. ఆ కీ అదే ల్యాప్‌టాప్‌లో దాచుకున్నవాళ్లని చూశాను.