బీఓఎం ఉందంటే చాలదు, ఏ బీఓఎమో రాయించుకోండి: ఈఆర్‌పీ కొనబోయే ప్యానెల్ తయారీదారులకు హెచ్చరిక

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలో స్టార్టర్లు, కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే మిత్రులందరూ దయచేసి ఇది చదవండి. స్టాకు, కొనుగోళ్లు, ఉత్పత్తి, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ అమ్ముతామంటూ షెడ్డు షెడ్డుకూ తిరుగుతున్న ఆ సంస్థ ఏదో వారి డెమో చూసినవారికి నేను చెప్పనక్కరలేదు. లైసెన్సు సొమ్మంతా కట్టించుకుని, సరుకు వివరాలన్నీ మా చేతనే ఎక్కించి, తీరా ఉత్పత్తి ఆర్డరు వేయబోయేసరికి వారు మాకు అంటగట్టింది ఏమిటో బయటపడింది. డెమోలో చెట్టు కొమ్మల్లాగా అంచెలంచెలుగా విప్పి చూపిన బిల్ ఆఫ్ మెటీరియల్స్ (బీఓఎం, అంటే ఒక వస్తువు తయారీకి ఏయే సామాను ఎంతెంత కావాలో చెప్పే జాబితా) స్థానంలో మాకు ఒకే అంచె జాబితా మిగిలింది. ఉన్నమాట చెప్పాలంటే అది అమ్మకాల కిట్టు మాత్రమే: ఇన్‌వాయిసులో ఒక కోడ్ వేస్తే, దాని కింద రాసిన వస్తువులు స్టాకులోంచి తగ్గుతాయి, అంతే.

ఇదేమిటని అడిగినందుకు వచ్చిన సమాధానం ఇప్పటికీ చెవిలో గింగిర్లు తిరుగుతోంది. ఆ ప్రతినిధి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "బీఓఎం మాడ్యూల్ కావాలని ఆర్డరులో రాశారు, ఇచ్చాం. ఏ రకం బీఓఎం అన్నది మీరు రాయలేదు కదా సార్" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా మీలాంటి చిన్న షెడ్డుకు ఇన్ని రకాలు దేనికండీ, అవన్నీ పెద్ద కంపెనీలకు కావాలి గానీ" అని నవ్వాడు. సొమ్ము తీసుకున్న రోజున మా షెడ్డు ఆయన కంటికి చిన్నగా ఆనలేదు మరి.

చిన్న షెడ్డుకు ఎందుకు కావాలో మోటారును తక్కువ కరెంటుతో మొదలుపెట్టించే ఒక స్టార్-డెల్టా ప్యానెల్‌తోనే చెబుతాను. డిజైన్ చేసే అబ్బాయి ఇచ్చేది ఇంజనీరింగ్ బీఓఎం. స్టార్-డెల్టా స్టార్టరులో మెయిన్, డెల్టా కాంటాక్టర్ల (మోటారుకు కరెంటు కలిపి తెంచే స్విచ్‌ల) గుండా లైన్ కరెంటులో సుమారు 58 శాతం, స్టార్ కాంటాక్టర్ గుండా సుమారు 33 శాతం పోతాయి కనుక మొదటి రెండూ ఒక రేటింగులోనూ, మూడోది తక్కువ రేటింగులోనూ అతను రాస్తాడు. వాటితోపాటు టైమర్, ఓవర్‌లోడ్ రిలే, ఎన్‌క్లోజర్ (ఇవన్నీ పట్టే పెట్టె) ఒకటి, పరికరాలు బిగించే డిన్ రైలు 350 మిల్లీమీటర్లది ఒక ముక్క అని జాబితా ముగిస్తాడు. కరెంటు లెక్కకు అది సరిపోతుంది గానీ స్టోర్సుకు సరిపోదు. డిన్ రైలు మీటరు చొప్పున వస్తుంది, రెండు ముక్కలు కోస్తే 300 మిల్లీమీటర్ల తుంట మిగులుతుంది. ఎన్‌క్లోజర్ మనమే చేసుకునేటప్పుడు సీఆర్‌సీఏ ఉక్కు షీటును కిలోల్లో కొంటాం. 2500 బై 1250 సైజులో 1.6 మిల్లీమీటర్ల షీటు ఒక్కటే 39 కిలోల పైచిలుకు తూగుతుంది, అందులో తరుగెంతో లెక్క ఉండాలి. వైరు చివర్లకు వేసే లగ్గులు, ఫెర్రూళ్లు, కేబుల్ టైలు, ప్యాకింగ్ చెక్క డిజైన్ జాబితాలో కనబడనే కనబడవు. ఇవన్నీ, ఏ పనిదశలో ఏది అందించాలన్న వివరంతో సహా, ఉండవలసింది మాన్యుఫాక్చరింగ్ బీఓఎంలో. అది లేకుండా తేలిన ప్యానెల్ ఖరీదు కొటేషన్‌లో అందంగా కనబడుతుంది, లాభం మాత్రం తుంటల్లో పోతుంది.

అసలు తమాషా ఫాంటమ్ దగ్గర జరిగింది. పుష్ బటన్లు, ల్యాంపులు, అమ్మీటర్ బిగించి వైరింగ్ చేసిన తలుపును మనం స్టాకులో పెట్టం కదా. బల్ల మీద తయారవగానే నేరుగా ప్యానెల్‌కు ఎక్కుతుంది. అటువంటి ఉపభాగాన్ని ఫాంటమ్‌గా గుర్తిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని దాటుకుని కింద ఉన్న బటన్లు, ల్యాంపులనే అడగాలి. ఈ మహత్తర సాఫ్ట్‌వేర్ మాత్రం తలుపు అసెంబ్లీ స్టాకు సున్నా అని చూసి, దాన్ని బజారులో కొనమని ఇండెంటు కొట్టింది. ఆ కాగితం మా కొనుగోళ్ల గుమస్తా నా బల్ల మీద పెట్టి, "ట్రూప్ బజారులో ఏ దుకాణంలో అడగమంటారు సార్" అన్నాడు. ఫోన్ చేస్తే, తలుపులోని సామానంతా ప్యానెల్ జాబితాలోనే ఎక్కించుకోమని సలహా ఇచ్చారు. అంటే రేపు ఒక్క ల్యాంపు మారితే అది వాడే ప్రతి మోడల్ జాబితానూ విప్పి విడివిడిగా దిద్దుకోవాలి. దానికి నాకు ఎక్సెల్ చాలదా?

పౌడర్ కోటింగుకు పంపిన క్యాబినెట్ల సంగతి ఇంకా ఘోరం. బయటివారి చేత పని చేయించుకునే జాబ్ వర్కుకు మన సరుకు వెళ్లి, మన సరుకుగానే తిరిగి రావాలి. అందుకే సబ్‌కాంట్రాక్టింగ్ బీఓఎం అని ఒకటి ఉంటుంది. సీజీఎస్‌టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం అలా పంపిన ఇన్‌పుట్లు ఏడాదిలోగా తిరిగి రాకపోతే పంపిన రోజునే సరఫరా చేసినట్టు లెక్కగడతారు. వీరి సాఫ్ట్‌వేర్ ఏడాది దాకా ఆగలేదు, గేటు దాటిన క్షణమే అమ్మేసినట్టు రాసుకుంది. ఇక రిపేరు కోసం కాంటాక్టర్ కాయిల్ ఒక్కటే విడిగా అడిగే కస్టమర్లకు పనికొచ్చే సర్వీస్ బీఓఎం గురించి అడిగే ఓపిక నాకు మిగల్లేదు.

ఇవేవీ రహస్య విద్యలు కావు. ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీలో బీఓఎం వాడుకకే ఉత్పత్తికి 1, డిజైన్‌కు 2, అమ్మకాలకు 5 అని వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. ఓడూ అనే మరో ఈఆర్‌పీలో బీఓఎం తయారుచేసేటప్పుడే తయారీయా, కిట్టా, సబ్‌కాంట్రాక్టింగా అని ఎంచుకోవాలి. ఈ సంస్థ వారికి ఇది తెలియక కాదు, డెమోలో చూపించారు కాబట్టే చెబుతున్నాను. ఇప్పుడు ఆ తేడాలన్నీ "కస్టమైజేషన్" అట, దానికి వేరే కొటేషన్ అట. వారి కొటేషన్‌లో మాత్రం ఒక్క తుంట కూడా తప్పిపోలేదు.

కొనబోయేవారు డెమోకు వారు నమూనాగా చూపే సైకిల్ భాగాల జాబితాను కాకుండా మీ ప్యానెల్ జాబితానే ఇచ్చి, ఒక ఫాంటమ్ తలుపు, ఒక జాబ్ వర్కు క్యాబినెట్ పెట్టి మీ కళ్ల ముందే ఉత్పత్తి ఆర్డరు వేయించండి. పనిచేసిన ప్రతి బీఓఎం రకాన్నీ పేరుతో ఆర్డరులో రాయించండి, అంతవరకూ అడ్వాన్సు దాటి పైసా ఇవ్వకండి.