టీడీ టీకా: మందుకు మంచి మార్కులు, వేసే తీరుకు కాదు

మేకు గుచ్చుకున్నా, బండి మీద నుంచి జారిపడి మోకాలు చెక్కుకుపోయినా మన వైపు మొదట వినిపించే ప్రశ్న "టీటీ వేయించుకున్నావా?" అన్నదే. ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ఆ టీటీ స్థానంలోకి ఇప్పుడు ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాను (కంఠసర్పిని) కూడా అడ్డుకునే టీడీ వచ్చింది. జనం నోట మాత్రం అది ఇంకా టీటీయే.

మందు విషయంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. సీసాను కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, కుదిపితే మొత్తం పల్చని మజ్జిగలా మారుతుంది. ఆ తెలుపు అల్యూమినియం లవణానిది. టాక్సాయిడ్, అంటే ఫార్మాలిన్‌తో విషగుణం పోగొట్టిన బాక్టీరియా విషం, దానికి అంటుకుని ఉంటుంది. ఒకసారి గడ్డకట్టిందంటే ఆ టీకా పనికిరాదు, అందుకే దీనిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరుస్తారు. సూది పడిన చోట రోగనిరోధక వ్యవస్థకు కాపలాదారుల్లాంటి డెండ్రిటిక్ కణాలు టాక్సాయిడ్‌ను మింగి, దాని ముక్కలను దగ్గరి లింఫు గ్రంథికి చేరవేస్తాయి. అక్కడ సహాయక టీ కణాలనే తెల్ల రక్తకణాల ప్రోద్బలంతో బీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు వృద్ధి చెంది, కొన్ని యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలుగా, మరికొన్ని ఏళ్ల తరబడి నిలిచే జ్ఞాపక కణాలుగా మారతాయి. విచిత్రమేమిటంటే, ధనుర్వాతం వచ్చి తగ్గినవారికి కూడా ఈ రక్షణ దక్కదు. ప్రాణం తీసే విషం మోతాదు, రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపేందుకు కావలసిన మోతాదు కన్నా తక్కువ. కాబట్టి కోలుకున్నవారూ టీకా వేయించుకోవలసిందే.

ఈ స్పందనకు పగ్గం వేసేవి నియంత్రక టీ కణాలు. 2025 వైద్య నోబెల్ బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకు దక్కింది వీటికి సంబంధించిన పరిశోధనలకే. అయితే ఆ పగ్గం ఉంది కదా అని సూదులు తరచుగా వేయించుకోకూడదు. ఒంట్లో యాంటీబాడీలు దండిగా ఉండగా మళ్లీ టీకా పడితే, అవి టాక్సాయిడ్‌తో కలిసి గుంపులు కట్టి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలను రప్పించడం వల్ల, అరుదుగానైనా, చేయి విపరీతంగా వాచిపోవచ్చు. దీనిని ఆర్థస్ ప్రతిచర్య అంటారు. పెద్దవాళ్లకు ఇచ్చే టీడీలో డిఫ్తీరియా టాక్సాయిడ్ మోతాదు తగ్గించడం కూడా ఇలాంటి జాగ్రత్తే.

నా ఫిర్యాదంతా సేవ మీదే. నేను వెళ్లిన ప్రైవేటు క్లినిక్‌లో పోయినసారి ఎప్పుడు వేయించుకున్నారని అడిగిన పాపాన పోలేదు, తేదీ రాసిన చీటీ కూడా ఇవ్వలేదు. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయినవారికి శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్లు, మట్టి పడిన గాయమైతే ఐదేళ్లు దాటితేనే బూస్టర్ అవసరం. తేదీ తెలియకుండా ఈ లెక్క వేయలేరు కనుక, చీటీ రాయించుకున్నాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.