పాత కోచ్ బ్యాగుకు ఏది మేలు: తడిగుడ్డా, సాడిల్ సోపా, నీళ్ల బకెట్టా?

అమెరికాలో పాత సామాన్లమ్మే థ్రిఫ్ట్ స్టోర్‌లో కొన్నా, ఈబేలో తెప్పించుకున్నా, అక్కడి కోచ్ కంపెనీ ముప్పై నలభై ఏళ్ల కిందట కుట్టిన తోలు హ్యాండ్‌బ్యాగు ఇంచుమించు ఒకే అవతారంలో ఇంటికొస్తుంది. పట్టీ మీద చెమట జిడ్డు, మూలల్లో రంగు వెలిసిన తోలు, ఇత్తడి మీద పచ్చటి చిలుము, మూత తీయగానే అటక వాసన. చాలామంది చెయ్యి వెంటనే తోలు శుభ్రం చేసే సబ్బు, సాడిల్ సోప్ డబ్బా మీదికి పోతుంది. జాగ్రత్తపరులు తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటారు. బ్యాగును బకెట్‌లో ముంచమంటే మాత్రం ఇద్దరూ గుండెలు బాదుకుంటారు. నిజానికి ఈ మూడింటిలో తోలుకు ఎక్కువ చేటు చేసేది సాడిల్ సోపే. తగిన బ్యాగును తగిన పద్ధతిలో ముంచితే అంతకంటే మేలైన దారి లేదు.

"తగిన బ్యాగు" అన్న మాటలోనే ఉంది అసలు సంగతి. 1941లో మన్‌హాటన్‌లో చిన్న వర్క్‌షాపుగా మొదలైన కోచ్, వాడేకొద్దీ మెత్తబడి నిగ్గుదేలే బేస్‌బాల్ గ్లవ్‌ను చూసి, ఆ తరహా ఆవుతోలుతో బ్యాగులు కుట్టింది. 1960లలో డిజైనర్ బానీ కాషిన్ వచ్చాక తిప్పి మూసే ఇత్తడి తాళం, టర్న్‌లాక్, దానికి గుర్తుగా మారింది. ఆ కాలం నుంచి 1990ల దాకా వచ్చిన క్లాసిక్ మోడళ్లలో చాలావాటికి లోపల లైనింగ్ ఉండదు, అట్ట ఉండదు. మందపాటి తోలు, దారం, గట్టి ఇత్తడి, అంతే. రంగు పైపూతగా కాక తోలులోకి ఇంకి ఉంటుంది. నీళ్లు తగిలితే చెడిపోయేవి గుడ్డ, అట్ట, జిగురు, ఇనుము. అవేవీ లేనప్పుడు నీళ్లకు భయపడటం దేనికి?

లూయీ విటన్ కంపెనీ మోనోగ్రామ్ బ్యాగు సంగతి వేరు. దాని ఒళ్లు పూత పూసిన కాన్వాస్, హ్యాండిల్ ఏ పూతా లేని వాచెట్టా తోలు. వాన చినుకు పడినా ఆ హ్యాండిల్ మీద మచ్చ నిలుస్తుంది. షనెల్ గొర్రెపిల్ల తోలు, స్వెడ్, లైనింగ్ వేసిన కొత్త తరం కోచ్ బ్యాగులు కూడా బకెట్ దరిదాపులకు పోకూడదు.

నీళ్లు తగలకముందే చూసుకోవాల్సినవి

మూత లోపలి అంచును గోటితో గీరండి. ఎర్రటి పొడి రాలితే తోలు లోపల కుళ్లింది. అలాంటి తోలుకు నీళ్లు తగిలితే నల్లబడి చెక్కలా బిగుసుకుంటుంది. దానికి ఈ మూడు దారుల్లో ఏదీ పనికిరాదు. కొనకముందే తెలిస్తే అదృష్టం.

తాళానికి, రింగులకు అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే అది ఇత్తడి కాదు, పూత వేసిన ఇనుము. బెరడు రసంతో శుద్ధి చేసిన తోలులో టానిన్ ఉంటుంది, తడిలో దానికి ఇనుము తగిలితే సిరా రంగు మరక పడుతుంది. మన దగ్గర తంగేడు చెక్కతో శుద్ధి చేసిన తోలుకైనా ఇదే నియమం. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఊరబెట్టిన కషాయం గీయగానే నల్లబడేది ఇందుకే. కలంకారీకి అది కళ, బ్యాగుకు కర్మ. సబ్బుకు ఆ మరక లొంగదు. స్టీల్ ఉన్నితో రుద్దవద్దనేది కూడా అందుకే.

లోపల కనపడని చోట తడి దూదితో పది సార్లు మెల్లగా రుద్దండి. లేత రంగు అంటడం మామూలే. ఎరుపు, నేవీ బ్లూ బ్యాగుల్లో దూది ముద్దగా రంగు తేలితే ముంచే ఆలోచన మానుకోండి. ఒక నీటి చుక్క కూడా వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పైన మైనమో పూతో ఉన్నట్టు, అప్పుడు తడిగుడ్డ చాలు. క్షణాల్లో ఇంకి నల్లటి మచ్చయి, ఆరాక ఆ మచ్చ మాయమైతే బ్యాగు బకెట్‌కు సిద్ధం.

తెల్లటి పొర కనిపించగానే బూజని హడలిపోవద్దు. తోలులోని కొవ్వు బయటికొచ్చి పేరుకున్నా అలాగే కనిపిస్తుంది. హెయిర్ డ్రైయర్ వెచ్చటి గాలి కొన్ని క్షణాలు తగిలిస్తే కొవ్వు కరిగి మాయమవుతుంది, బూజు చెక్కుచెదరదు. బూజే అయితే ఆరుబయట, మాస్కు పెట్టుకుని, పొడి బ్రష్‌తో దులపాలి. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డను చెమ్మ చేసి అద్దినట్టు తుడవాలి. ఆల్కహాల్ రంగును లాగుతుంది కాబట్టి ముందు ఓ మూల చూసుకోవాలి.

తడిగుడ్డ

పైపై దుమ్ముకు, ఇంతకు ముందు ఎవరో బాగానే చూసుకున్న బ్యాగుకు ఇది సరిపోతుంది. గుడ్డ పిండితే చుక్క రాలకూడదు. మచ్చ ఉన్నచోట మాత్రమే రుద్దితే అక్కడ వలయం తేలుతుంది, అందుకని కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్కంతా ఒకేసారి తుడవాలి. వాసన దీనితో పోదు. లోపలి గరుకు వైపు పట్టిన పౌడరు, పొగాకు పొడి, కారిన పెన్ను సిరా కూడా కదలవు.

సాడిల్ సోప్

గుర్రపు జీనులు, కళ్లేల కోసం పుట్టిన సబ్బు ఇది. మందంగా, గట్టిగా ఉండే ఆ తోలుకు చెల్లింది. తోలు సహజంగా కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 4–5 దగ్గర ఉంటుంది. ఈ సబ్బులు చాలావరకు 9–10 మధ్య ఉంటాయి. ఆ క్షారానికి పీచు ఉబ్బుతుంది, తయారీలో పట్టించిన కొవ్వు మురికితోపాటు కదిలి వచ్చేస్తుంది. పైగా దీన్ని నురగ చేసి తుడిచేయమంటారు కానీ కడగమనరు. తుడిచినంత మాత్రాన పోనిది కుట్ల రంధ్రాల్లో, పైపింగ్ సందుల్లో దాక్కుని, ఆరాక తెల్లటి గీతలుగా బయటపడుతుంది. బోరు నీళ్లయితే చెప్పనే అక్కర్లేదు, ఆ ఉప్పు నీటికి సబ్బు విరిగి జిగురు ముద్దవుతుంది. చేసిన రోజు బ్యాగు మెరుస్తుంది, దానికి కారణం అందులోని మైనం. కొన్నాళ్లకు పట్టీ బిరుసెక్కితే తప్పు తోలు మీదికి పోతుంది.

పట్టీ లోపలి వైపు పేరుకున్న చెమట జిడ్డుకు, బఠాణీ గింజంత సబ్బుతో, వెంటనే రెండు సార్లు తడిగుడ్డ పెట్టి తుడిచేట్టయితే వాడొచ్చు. బ్యాగంతా రుద్దడానికి వద్దు.

బకెట్

ఇత్తడి పని ముందే ముగించాలి. పాలిష్ మిగిలిపోయినా తర్వాత నీళ్లలో పోతుంది. పచ్చటి మైనంలాంటి చిలుమును వెదురు టూత్‌పిక్‌తో గీకి తీయండి. పాత ప్లాస్టిక్ కార్డుకు చీలిక కోసి టర్న్‌లాక్ కిందికి దూర్చితే పాలిష్ తోలుకు అంటదు. ఇయర్‌బడ్‌కు చుక్క బ్రాసో పాలిష్ చాలు. చింతపండు, పీతాంబరి దేవుడి సామాన్లకు బాగానే పనిచేస్తాయి, బ్యాగుకు పనికిరావు. పొడి కుట్లలో ఇరుక్కుంటుంది, పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది.

బ్యాగు లోపల ముద్రించిన అక్షరాలను, సీరియల్ నంబరును ఫొటో తీసుకోండి. తడిసిన తోలులో ముద్ర కాస్త మెత్తబడుతుంది, తర్వాత అమ్మాలనుకుంటే కొనేవాళ్లు మొదట అడిగేది దాన్నే. 1970ల కంటే పాత బ్యాగుల్లో నంబరే ఉండదు, అది లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు.

12 నుంచి 15 లీటర్ల నీళ్లకు రంగులేని డిష్‌వాష్ లిక్విడ్ ఒక టీస్పూను. నీళ్లు చేతికి చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు. తడి తోలు వేడికి ముడుచుకుపోతుంది, ఆ ముడత మళ్లీ సాగదు. బ్యాగును ఒక్కసారే పూర్తిగా ముంచండి. సగం తడి, సగం పొడి ఉంటేనే అంచుగీత పడుతుంది. 10 నుంచి 15 నిమిషాలు మెత్తటి స్పాంజితో లోపలా బయటా నిమరండి, రుద్దొద్దు. నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. అందులో ఎక్కువ భాగం మురికే, కాస్త రంగు కూడా. నీళ్లు తేటగా వచ్చేదాకా, కనీసం మూడు సార్లు మార్చి జాడించండి. బోరు నీళ్లుంటే చివరిసారి ఆర్‌ఓ నీళ్లు వాడండి.

పిండకండి. తువ్వాలులో చుట్టి అరచేతులతో ఒత్తండి. పొడి తెల్ల తువ్వాళ్లు లోపల కుక్కి, మూలలను వేళ్లతో నొక్కి ఆకారానికి తెచ్చి, పట్టీని పరిచి ఆరబెట్టండి. వేలాడదీస్తే తడి బరువుకు పట్టీ సాగుతుంది. న్యూస్‌పేపరు కుక్కితే సిరా అంటుతుంది. ఎండ వద్దు, నీడలో ఫ్యాను గాలి చాలు. ఆరడానికి 2 నుంచి 4 రోజులు పడుతుంది, పూటకోసారి తువ్వాళ్లు మార్చాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, ఆరేలోపే బూజు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ఘడియ ఆరిపోయే ముందు వస్తుంది. చూపుకు పొడిగా కనిపిస్తున్న తోలును చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, అంటే లోపల ఇంకా చెమ్మ ఉంది. తోలును మెత్తగా ఉంచే కండిషనర్ మొదటి పూత అప్పుడే పట్టించాలి. పూర్తిగా ఎండనిస్తే పీచులు ఒకదానికొకటి అతుక్కుని తోలు అట్టలా తయారవుతుంది. ముంచడం వల్ల బ్యాగు పాడైందనేవాళ్లు చాలామంది జారిపోయేది ఇక్కడే.

పూతకు ఏది?

లెదర్ సీపీఆర్, లెక్సాల్, బిక్ 4 లాంటి క్రీములు, లోషన్లు మేలు. లేత రంగు బ్యాగుకు బిక్ 4, ఎందుకంటే రంగును ముదరనివ్వదు. మధ్యస్థం సైజు బ్యాగుకు పూతకు ఒకటిన్నర టీస్పూన్లు, 12 గంటలు ఆగి మెత్తటి గుడ్డతో తుడిచి మరో పూత. మూడోది పీల్చుకున్న చోట మాత్రమే.

పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె బిగుసుకున్న తోలును లొంగదీస్తుంది కానీ రంగును ఒకటి రెండు మెట్లు ముదురు చేస్తుంది. నల్ల బ్యాగుకు ఫరవాలేదు. లేత గోధుమ రంగు బ్యాగుకు పోస్తే మళ్లీ వెనక్కి రాదు. కొబ్బరినూనె ప్రతి ఇంట్లో ఉంటుంది, అదే దాని ప్రమాదం. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. సంక్రాంతి చలికి సీసాలో తెల్లబడినట్టే తోలు మీదా మసకగా తేలుతుంది, ఎండాకాలంలో చీర కుచ్చిళ్లకు అంటుతుంది.

మూలల రంగు

వెలిసిన మూలలకు అదే రంగు శూ క్రీమ్ వేలితో పట్టించి, పది నిమిషాలాగి, గుడ్డకు రంగు అంటనిదాకా తుడిస్తే చాలు. మైనం పాలిష్ బట్టలకు దిగుతుంది. యాక్రిలిక్ రంగు మొదట కొత్తగా కనిపించినా ఈ తోలు వంగే తీరుకు మూలల్లో పగుళ్లిస్తుంది, పైగా ఆ తర్వాత ఏ కండిషనరూ లోపలికి పోదు. తోలే పగిలి ఉంటే ఏ క్రీమూ ఆ పగులును పూడ్చదు. లోపలి జేబుకు ప్లాస్టిక్ పూత ఉండి, అది కరిగి వేళ్లకు అంటుతుంటే కడిగినా పోదు. ఆ జేబును విప్పి కొత్తది కుట్టించాలి, ఆ ఖర్చు కలిపి చూసుకున్నాకే బేరం మాట్లాడాలి.