చేపల నీచును లాగేసింది, పసుపు దగ్గర చేతులెత్తేసింది

లేత గోధుమరంగు గుడ్డ సీట్ల కారు ఉన్నవాళ్లకి మరకల బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు చిమ్మి, వాటిని మురికితో సహా వెనక్కి లాగేసే చిన్న మెషీన్ ఒకటి తీసుకున్నాను. వైజాగ్‌లో రెండు వానాకాలాలు చూసేసింది. వాట్లు, లీటర్లు డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. నన్ను పడగొట్టింది దాని లాగుడు.

అంతకుముందు నురగ స్ప్రే కొట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచేవాణ్ణి. పైకి శుభ్రంగానే కనిపించేది. మురికి మాత్రం లోపలి స్పాంజిలోకి దిగి, సీటు ఆరేటప్పుడు తడితో పాటు మళ్లీ పైకొచ్చి, మరక చుట్టూ గోధుమరంగు గీత కట్టేది. ఈ మెషీన్ మూతి అద్దంలా ఉంటుంది, లోపల పోయే నీళ్లు కనిపిస్తాయి. చిమ్మడం తక్కువ, లాగడం ఎక్కువ ఉండాలి. మూతిలో చుక్క కూడా కనిపించకుండా పోయేంతవరకూ ఉత్తినే లాగుతూ పోతే ఆ గీత పడదు. ఫిషింగ్ హార్బర్ నుంచి వస్తుంటే చేపల సంచి కారి వెనక కార్పెట్ తడిసిపోయింది. చన్నీళ్లతోనే కడిగాను. చేప, పాలు, గుడ్డు లాంటివాటికి వేడినీళ్లు తగిలితే అందులోని ప్రోటీన్ గడ్డకట్టి దారాలకు పట్టేస్తుంది. మర్నాటికి నీచు వాసన లేదు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ డెమో ఇచ్చాను, అడిగినా అడక్కపోయినా.

పులిహోర దగ్గర కథ మారింది. సింహాచలం ఘాట్ రోడ్డు దిగుతుంటే మా అత్తయ్యగారి చేతిలో పొట్లం విప్పుకుంది. నూనె, పసుపు కలిసి వెనక సీటు మీద అరచేయంత మరక. ఇంటికి రాగానే మెషీన్‌తో ఇచ్చిన షాంపూ కలిపి చిమ్మాను. కళ్లముందే పసుపు కాస్తా ఇటుకరంగు ఎరుపైపోయింది. సీటు గుడ్డ రంగే పోయిందనుకుని నాకు టెన్షన్. అత్తయ్యగారు మాత్రం తాపీగా, "ఎర్రనీళ్లు ఎలా కలుపుతారు బాబూ? పసుపులో సున్నం వేస్తేనేగా ఎరుపొచ్చేది. ఆ సబ్బులోనూ అలాంటిదేదో ఉండుంటుంది" అన్నారు. సరిగ్గా అదే. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. వెనిగర్‌లో నీళ్లు కలిపి గుడ్డతో అద్దితే ఎరుపు తగ్గి మళ్లీ పసుపొచ్చింది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో వేసి అద్ది, మంచినీళ్లతో లాగితే జిడ్డంతా పోయింది. రంగు మాత్రం కదల్లేదు. నేనింత మురిసిపోయిన లాగుడు ఆ రంగు ముందు పనికిరాలేదు.

చివరికి మరక తీసింది ఎండ. కర్కుమిన్ వెలుతురుకి నిలవదు, పసుపంటిన చీర ఎండలో ఆరేస్తే వెలిసేది అందుకే. ఆ వైపు ఎండ పడేలా కారు బయట పెట్టాను. ఏప్రిల్ కాబట్టి సరిపోయింది. రోజురోజుకీ పలచబడి, ఇప్పుడు ఎక్కడుండేదో నేనే వెతుక్కోవాలి.

అదే జూలైలో అయుంటే వేరే మాట. మెషీన్ ఎంత లాగినా స్పాంజిలో కొంత చెమ్మ మిగులుతుంది. మన సముద్రపు గాలికి అది ఓ పట్టాన ఆరదు, మర్నాడు తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. వానాకాలంలో తలుపులన్నీ తీసి పెడస్టల్ ఫ్యాన్ పెట్టాల్సిందే. ఆర్కే బీచ్ ఇసుక సంగతి సరేసరి. ముందు పొడి వాక్యూమ్‌తో తీయకుండా తడిపితే ఇసుక కార్పెట్‌లో ఇంకా కిందికి దిగుతుంది. ముందు సీట్ల కింద వైర్లుంటాయి, పసుపురంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, అటువైపు నీళ్లు పోనివ్వకండి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పక్కనే ప్లగ్ పాయింట్ ఉంది, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, బయట తినే అలవాటూ ఉంది. కాబట్టి నాకు డబ్బు గిట్టుబాటైంది. కారు వీధిలో పెట్టుకుని, ఏడాదికోసారి మరక పడేవాళ్లయితే ఇంటికొచ్చి క్లీన్ చేసే కుర్రాళ్లని పిలవడమే నయం. వాళ్లు షాంపూ చేతికి తీసుకునేలోపే అది పసుపు మరకని చెప్పేయండి.