పోర్టల్ ఎక్కనివ్వని సరుకు: వాల్‌హైమ్‌లో ఇనుము యాత్ర

చేతికి ఇనుము వచ్చేదాకా వాల్‌హైమ్ అనే వీడియో గేమ్‌లో దూరాలు క్షణంలో దాటించే ద్వారం, పోర్టల్‌ని మించిన సౌకర్యం లేదు. 20 ఫైన్‌వుడ్, 10 గ్రేడ్వార్ఫ్ కళ్ళు, 2 సర్ట్లింగ్ కోర్లు పెట్టి ఒక్కోటి కట్టి, రెండు చివర్లా ఒకే పేరు రాస్తే సముద్రం అవతలి ఒడ్డు పక్కింటి గుమ్మమైపోతుంది. రాళ్ళు, కట్టెలు, బొగ్గు, మాంసం, ఏది మోసుకెళ్ళినా పలకదు. సంచిలో ఒక్కటంటే ఒక్క తుక్కు ఇనుము ముక్క ఉందా, సరుకుతో పాటు మనిషినీ ఆపేస్తుంది. కరిగించి కడ్డీ చేసి తెచ్చినా అదే తీరు. రాగి, తగరం, కంచు, వెండి కూడా ఇంతే.

2021 ఫిబ్రవరి 2న ఆట ఎర్లీ యాక్సెస్‌లోకి (పూర్తికాకముందే అమ్మకానికి) వచ్చినప్పటి నుంచీ ఇదే నియమం. 2023 నుంచి వరల్డ్ సెట్టింగ్స్‌లో పోర్టల్ నియమాన్ని సడలించుకునే వీలు ఉంది. నలుగురు కలిసి ఆడేచోట ఒకడు సడలిద్దామంటాడు, ఇంకొకడు అది ఆటే కాదంటాడు, గొడవ అక్కడే మొదలు. 2024 మేలో ఆట చివరి ప్రాంతాల్లో ఒకటైన యాష్‌ల్యాండ్స్‌తో పాటు లోహాన్ని దాటించే రాతి పోర్టల్ కూడా వచ్చింది. అక్కడిదాకా చేరినవాడికి ఇనుముతో పనేముంది? పెళ్ళయ్యాక ఇచ్చే తాంబూలం అది. ఈ రాత సెట్టింగ్ ముట్టుకోని వాళ్ళకి.

ఇనుముకి ముందు వచ్చే అడవి ప్రాంతం, బ్లాక్ ఫారెస్ట్ మజిలీ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, సాఫీగానే సాగుతుంది. రాగి గుట్టల్లో, తగరం నీటి ఒడ్డున. రాగి గుట్ట పైకి కనిపించేది కొంతే, మిగతాది నేలలోపల ఉంటుంది కాబట్టి చుట్టూ, కిందా మట్టి తవ్వేశాక కొడితే ఆధారం పోయి మొత్తం ఒక్కసారి కూలుతుంది. ట్రోల్ అనే రాక్షసుడు వెంటపడితే గుట్ట పక్కకి తీసుకెళ్ళండి, దాని దెబ్బలకే రాగి రాలుతుంది. రెండు పాళ్ళ రాగికి ఒక పాలు తగరం కలిస్తే ఒక కంచు. చివర్లో ఆ అడవికి పెద్ద శత్రువైన ఎల్డర్‌ని పడగొడితే స్వాంప్ అనే చిత్తడి ప్రాంతపు తాళంచెవి వస్తుంది. అది లేకుండా స్వాంప్‌కి బయల్దేరితే అక్కడ ఇనుము దాగిన క్రిప్ట్‌ల (నేలమాళిగల) తలుపులు చూసి రావడమే.

పడవ కార్వే చాలు. 30 ఫైన్‌వుడ్, 10 జింక తోళ్ళు, 20 రెసిన్, 80 కంచు మేకులు. ఒక కంచుకి 20 మేకులు వస్తాయి కాబట్టి అసలు లోహం ఖర్చు 4 కంచే. తెప్ప మీద వెళ్దామనేవాడిని ఒడ్డునే వదిలేయండి. దానికి సరుకు పెట్టుకునే గడే లేదు, నడక కూడా నత్తనడక. కార్వేలో 4 గడులు, గడికి 30 చొప్పున 120 తుక్కు ముక్కలు పడతాయి. వెళ్ళేటప్పుడు అందులో ఏం వేసుకోవాలో చాలామంది ఆలోచించరు, ఖాళీగా తీసుకెళ్తారు. ఈ యాత్రలో జరిగే అతి పెద్ద పొరపాటు అదే. కొలిమికి 6 రాగి, దాని పక్కన పెట్టే దాగలికి 2 కంచు పడవలోనే వెళ్ళాలి. పోర్టల్ అడ్డుపెట్టేది ఈ ఎనిమిదింటికే. మిగతా సామానంతా ఒడ్డున పోర్టల్ కట్టాక తాపీగా తెచ్చుకోవచ్చు.

ఇక బస సంగతి. స్వాంప్‌లో రాత్రి గడుపుదామనుకునే వాళ్ళకి ఒకటే మాట: వద్దు. అక్కడ వాన ఆగదు. తడిస్తే స్టామినా తిరిగి నిండే వేగం 15 శాతం, ప్రాణం కోలుకునే వేగం 25 శాతం పడిపోతాయి. మంచం వెయ్యడానికి 8 కట్టెలే, కానీ పడుకోవడానికి షరతులు బోలెడు: పైన కప్పు ఉండాలి, దగ్గర్లో మంట ఉండాలి, శత్రువు ఉండకూడదు, ఒంటి మీద తడి ఉండకూడదు. కప్పు లేకపోతే మంట వానకి ఆరిపోతుంది. చుట్టూ మూసేస్తే పొగ కమ్మి మనకే దెబ్బ. చెక్క నేల మీద నెగడు పెట్టనివ్వదు, కాబట్టి నీళ్ళ పైన మంచె కట్టుకుని పడుకుందామన్న తెలివితేటలు సగంలోనే ఆగిపోతాయి. కప్పు దాటి బయటికొచ్చిన చెక్క వానకి నానుతూ సగం బలానికి దిగిపోతుంది. ఇన్నీ సర్దుకుని అందరూ మంచం ఎక్కాక, నాలుగోవాడు ఇంకా క్రిప్ట్‌లో తవ్వుతుంటాడు. సర్వర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ పడుకుంటేనే తెల్లవారుతుంది మరి. "ఒక్క కుప్పే మామా, వచ్చేస్తున్నా" అంటాడు. ఆ ఒక్క కుప్ప ఎప్పటికీ అవదు, మంచాల మీద ఉన్నవాళ్ళకి అలక.

దీనికి మందు పోర్టలే. అది ఆపేది లోహాన్ని గానీ లోహం లేని మనిషిని కాదు. తుక్కంతా ఒడ్డున పెట్టెలో పడేసి, ఖాళీ చేతులతో ఇంటికెళ్ళి పడుకుని, విశ్రాంతి బలం తెచ్చుకుని పొద్దున్నే తిరిగి రావాలి. ఇంట్లో సౌకర్యం ఎంత పెరిగితే ఆ బలం అంత ఎక్కువసేపు ఉంటుంది: 1 దగ్గర 8 నిమిషాలు, ఆపైన ప్రతి అంకెకీ ఇంకో నిమిషం. స్వాంప్‌లో చచ్చినా ఇంటి మంచం మీదే లేస్తారు, అక్కణ్ణుంచి పోర్టల్ ఒక్క అడుగు. స్వాంప్‌లో మంచం వేసుకుని దాన్ని మనదిగా ఒప్పుకుంటే ఈ వసతి పోతుంది. 10 కట్టెల చెక్క పెట్టెలో 10 గడులు ఉంటాయి, అంటే 300 తుక్కు. ఆ పెట్టెని స్వాంప్ నడిబొడ్డున కాకుండా దాన్ని ఆనుకుని మెడోస్ గానీ బ్లాక్ ఫారెస్ట్ గానీ ఉన్న ఒడ్డున పెట్టండి. వర్క్‌బెంచ్ ఉన్న చోట చుట్టూ 20 మీటర్లలో కొత్త శత్రువులు పుట్టరు, ఎక్కణ్ణుంచో నడిచొచ్చేవాళ్ళని మాత్రం అది ఆపదు.

క్రిప్ట్‌లు మంచి చోట్లే, వాన పడదు కాబట్టి లోపలికి వెళ్ళిన కాసేపటికి ఒళ్ళు ఆరుతుంది. దారికి అడ్డంగా ఉండే బురద కుప్పలే మన గని. జింక కొమ్ముల పికాక్స్‌తో కూడా తవ్వచ్చు, కంచుది అయితే పని తొందరగా అవుతుంది. దానికి 10 కంచు, 3 కోర్‌వుడ్. కుప్ప తవ్వేకొద్దీ వెనకాల ఇంకో గది తెరుచుకుంటుంది, అందులో ద్రాగర్ అనే నడిచే శవం నిలబడి ఉంటుంది. అందుకే ఒకరు తవ్వుతుంటే ఒకరు డాలు పట్టుకుని వెనకాలే ఉండాలి. లోపల ఏమీ కట్టనివ్వదు, పెట్టె కూడా పెట్టలేం. తుక్కు ఒక్కోటి 10 బరువు, మనిషి మోయగలిగేది 300. ఆయుధం, కవచం బరువు పోను ఇరవై ముక్కలకే నడుం వంగిపోతుంది. తలుపు పక్కనే బయట ఓ పెట్టె పెట్టుకోకపోతే ఒడ్డుకి తిరగడంతోనే సరిపోతుంది. బండి లాక్కొద్దామనే ఆశ పెట్టుకోకండి, నీళ్ళలో వేర్ల మధ్య దాన్ని లాగడం కన్నా చేత్తో మోయడమే నయం. పొడుగాటి వేర్లు, వాలిన చెట్ల మీదుగా నడవండి, నీళ్ళల్లో జలగలుంటాయి.

విషాన్ని తట్టుకునే మందు లేకుండా మాత్రం దిగకండి. 10 తేనె, 5 తిసిల్, 1 నెక్ తోక, 10 బొగ్గు కలిపి కాచి ఫెర్మెంటర్‌లో పోస్తే 6 సీసాలొస్తాయి, సీసా 10 నిమిషాలు కాస్తుంది. బ్లాబ్ అనే జిగట ముద్ద జీవి పగిలి పచ్చటి పొగ వదిలాక తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం, తలుపు దాటేటప్పుడే తాగాలి. ఇనుము మీద ఆత్రంతో తేనె కోసం ఆగనివాళ్ళ సమాధి రాళ్ళే క్రిప్ట్ మొదటి మలుపులో కనిపిస్తుంటాయి.

భోజనం విషయంలో మాత్రం ఈ దిక్కుమాలిన చోటు ఆశ్చర్యపరుస్తుంది. ద్రాగర్‌ని చంపితే పేగులు పడతాయి. చూడ్డానికి పారేసేలా ఉంటాయి, చాలామంది పారేస్తారు కూడా. వాటితోనే సాసేజ్‌లు చేసుకోవచ్చు, అప్పటిదాకా తిన్న కాల్చిన మాంసం దాని ముందు దిగదుడుపే. టర్నిప్ విత్తనాలు కూడా ఇక్కడివే, ఇంటికి పట్టుకెళ్ళి నాటితే కూర. మనల్ని నరకడానికొచ్చిన వాడి పేగులే మధ్యాహ్న భోజనం!

ఇప్పుడు అసలు విషయం. పోర్టల్ ముడి ఇనుముని, కడ్డీని ఆపుతుంది గానీ, చేసిన వస్తువుని ఆపదు. ఇనుప గద, శిరస్త్రాణం, కవచం తొడుక్కుని దర్జాగా దాటిపోవచ్చు. కాబట్టి ఇనుముని కొలిమి దగ్గరికి మొయ్యకండి, కొలిమినే ఇనుము దగ్గరికి తెచ్చుకోండి. లోహం కరిగించే స్మెల్టర్‌కి 20 రాళ్ళు, 5 సర్ట్లింగ్ కోర్లు, బొగ్గు బట్టీకి మళ్ళీ అంతే. కొలిమికి 4 రాళ్ళు, 4 బొగ్గు, 10 కట్టెలు, పడవలో తెచ్చిన 6 రాగి. దాగలి 5 కట్టెలు, 2 కంచు, అది పక్కన పెడితేనే కొలిమి రెండో స్థాయికి వెళ్తుంది, ఇనుప కవచాలకి ఆ స్థాయి కావాలి. కొలిమి పైన కప్పు మర్చిపోవద్దు.

లెక్క ఇలా ఉంటుంది. స్మెల్టర్‌లో ఒకసారికి 10 తుక్కు, 20 బొగ్గు పడతాయి. ఒక కడ్డీకి 2 బొగ్గు, 30 సెకన్లు. బట్టీ 15 సెకన్లకో బొగ్గు ఇస్తుంది, అంటే ఒక బట్టీ సరిగ్గా ఒక స్మెల్టర్‌కి సరిపోతుంది. బట్టీలో కట్టెలు వేసేటప్పుడు సంచిలో ఫైన్‌వుడ్, కోర్‌వుడ్ ఉంచుకోకండి, మామూలు కట్టెలు అయిపోతే వాటినీ మింగేస్తుంది, వచ్చేది అదే బొగ్గు. మనిషికి కవచం మూడు భాగాలకి 60 ఇనుము, గదకి 20, పికాక్స్‌కి 20, మొత్తం 100. నలుగురికి 400, దానికి 800 బొగ్గు, ఒకే స్మెల్టర్ మీద 3 గంటల 20 నిమిషాలు. రెండు పెట్టుకోవడం మేలు. స్వాంప్‌లో నిప్పు చిమ్మే గుంతల దగ్గర సర్ట్లింగ్‌లు అనే నిప్పు జీవులు పుడుతుంటాయి, నీళ్ళల్లో పడి వాటంతట అవే చస్తాయి, బొగ్గూ కోర్లూ వదిలిపోతాయి. స్వాంప్ మొత్తంలో ఊరికే దొరికేది అదొక్కటే.

ఎవరికి ముందు కవచం అన్నదగ్గర మళ్ళీ పేచీ. డాలు పట్టుకుని ముందు నడిచేవాడికి ఇవ్వండి, ఎక్కువ తవ్వినవాడికి కాదు.

బ్లాక్ ఫారెస్ట్‌లో కొట్టు పెట్టుకున్న హాల్డర్ దగ్గర ఒక ఖర్చు న్యాయమైనదే. మెగిన్‌జోర్డ్ నడికట్టు 950 నాణేలు, మోసే బరువు 150 పెరుగుతుంది, అంటే ప్రతి నడకకీ ఇంకో 15 తుక్కు ముక్కలు. కెంపుకి 20, అంబర్‌కి 5, అంబర్ ముత్యానికి 10 ఇస్తాడు, బేరాల్లేవు. కెంపులతోనే కొనాలంటే 48 కావాలి. క్రిప్ట్ పెట్టెల్లో దొరికే నాణేలన్నీ ఒకడి దగ్గరే పోగేసి మొదటి నడికట్టు కొనండి, నలుగురూ విడివిడిగా దాచుకుంటే ఎవరికీ రాదు. నుదుటి దీపం 620 నాణేలు, బాగానే ఉంటుంది గానీ తొందరేం లేదు.

ఇంటికి తప్పనిసరిగా చేరాల్సిన ఇనుము కొంత ఉంటుంది: స్టోన్‌కట్టర్‌కి 2, తర్వాత కవచాల మెరుగులకి ఇంకొంత. దాని కోసం కార్వే మీద నాలుగైదు సార్లు తిరగొద్దు. అక్కడి కొలిమిలోనే 10 ఇనుముతో 100 మేకులు చేసి, స్వాంప్ చెట్లని నరికి 40 ఏన్షియంట్ బార్క్ తీసుకుని, 40 ఫైన్‌వుడ్, 10 జింక తోళ్ళు పోర్టల్లో తెప్పించుకుంటే లాంగ్‌షిప్ అనే పెద్ద పడవ అక్కడే తయారు. 18 గడులు, 540 ముక్కలు, ఒకే ప్రయాణం.

బయల్దేరడం తెల్లవారుజామున పెట్టుకోండి. రాత్రీ తుఫానూ సముద్రపు పాముకి ఇష్టమైన వేళలు. ఒకవేళ పడవ పగిలినా సరుకు మునిగిపోదు, పెట్టెలా నీళ్ళ మీద తేలుతుంది, ఆ చోటుని మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని తర్వాత వెళ్ళి తెచ్చుకోవచ్చు. కార్వేని స్వాంప్ ఒడ్డునే వదిలేస్తే ద్రాగర్లు పని పడతాయి, మీరే పగలగొట్టి మేకులు ఏరుకోండి.